వినవద్దని వేడుకున్న సంగీతం

1920 మార్చి 8. పారిస్‌లోని బార్బజాంజ్ గ్యాలరీలో మాక్స్ జాకబ్ నాటకానికి విరామం. ప్రేక్షకులు లేచి, గోడలమీది బొమ్మలు చూస్తూ కబుర్లాడుకోవాలి. ఆ సందడి వెనుక ఎరిక్ సాటీ, దారియుస్ మీయో కూర్చిన సంగీతం మోగుతూ ఉండాలి. దాన్ని పట్టించుకోవద్దని ముందే మనవి చేశారు. వాద్యకారులను తలొక మూలా కూర్చోబెట్టారు. తీరా వాద్యాలు మోగగానే జనం బుద్ధిగా వచ్చి తమ స్థానాల్లో కూర్చున్నారట! సాటీ వారి మధ్య తిరుగుతూ, మాట్లాడండి, నడవండి, వినకండి అని ఎంత మొత్తుకున్నా లాభం లేకపోయింది.

కుర్చీలా, పరదాలా గదిలో ఒక సామానుగా పడి ఉండే సంగీతం కావాలన్నది సాటీ కోరిక. చదువుకునేటప్పుడో రాసుకునేటప్పుడో వెనుక ఏదో ఒకటి మోగాలనుకునే మనబోటి వారి కోరికా అదే కదా! బి.బి.సి. 1940లో కర్మాగారాల కోసం 'మ్యూజిక్ వైల్ యు వర్క్' ప్రారంభించింది గాని, దాని లక్ష్యం వేరు. అది చేతులకు హుషారునిచ్చే సంగీతం. వాక్యం వెతుక్కునేవాడికి పనికిరాదు.

సాటీ కోరిక మరొకరికి అనుకోకుండా తీరింది. 1975లో ప్రమాదంలో గాయపడి మంచం పట్టిన బ్రయన్ ఈనోకు ఒక స్నేహితురాలు హార్ప్ వాదనం రికార్డు తెచ్చి ఇచ్చింది. ఆయన అవస్థపడి దాన్ని పెట్టి, పడుకున్నాక చూస్తే ధ్వని మరీ తక్కువ. పైగా స్టీరియోలో ఒక పక్క పలకనే లేదు. లేచి సరిచేసే ఓపిక లేదు. బయట వాన. ఆ వానచప్పుడులో అక్కడక్కడా తేలివచ్చే స్వరాలు వింటూ ఉండిపోయాడు. అదే ఏడాది 'డిస్క్రీట్ మ్యూజిక్', 1978లో 'మ్యూజిక్ ఫర్ ఎయిర్‌పోర్ట్స్' వెలువడ్డాయి. 'ఆంబియెంట్' అన్న పేరు ఆ రెండో దానితో స్థిరపడింది.

ఇక మన సంగతి. పాటలో మాటలుంటే రాత సాగదు కనుక వాద్యసంగీతం పెట్టుకోమంటారు. సలహా మంచిదే, కాని కర్ణాటక సంగీతానికి అది సగమే వర్తిస్తుంది. మన వైణికులు వాయించేవి చాలావరకు సాహిత్యమున్న కీర్తనలే. గమకమూ విరుపూ ఆ సాహిత్యాన్ని అనుసరించే నడుస్తాయి. తెలియనివారికి అది వీణ. కీర్తన తెలిసినవారికి మాత్రం పాటే. ఒక రాత్రి శ్రీరాగ పంచరత్నాన్ని వీణపై వింటూ రాసుకున్న పేరా మర్నాడు చూసుకుంటే, నా వాక్యాల నిండా త్యాగయ్యగారి సంబోధనలే! సిగ్గుపడి కొట్టేశాను.

అప్పటినుంచి నా మటుకు నాకు ఆలాపన, తానం. వాటిలో సాహిత్యం లేదు, తాళపు ఆవర్తనమూ లేదు, ఎప్పుడు ముగుస్తుందోనన్న ఎదురుచూపూ లేదు. ధ్వని బాగా తగ్గించి పెడతాను. అయినా తోడి రాగం వస్తే కలం ఆగిపోతుంది. సాటీగారి ప్రేక్షకుల్లాగే నేనూ కూర్చుని వింటాను.