అఫ్జల్‌గంజ్ లెక్కల్లో లేని పని

ఈ ఏడు నివేదికలో పొదుపు, అప్పుల లెక్కతోపాటు మన గంజ్ చరిత్ర కూడా కొంచెం రాయాలని సంఘం మీటింగులో అనుకున్నాం.

అఫ్జల్‌గంజ్ అన్న పేరు ఐదో నిజాం అఫ్జల్ ఉద్దౌలాది. ఆయన 1857 నుంచి 1869 వరకు ఏలిండు. ధాన్యం వ్యాపారులకు ఈ జాగ ఇచ్చింది ఆయనే. 1908 సెప్టెంబరులో మూసీ వరదకు ఈ ప్రాంతం మునిగింది, మళ్లీ లేచింది. జాగ ఇచ్చినాయన పేరు నిలిచింది. బస్తాలు ఎత్తినోళ్లు, చాటలతో చెరిగినోళ్లు ఎవరో మాకు ఏ పుస్తకంలోనూ కనబడలేదు.

పని ఇప్పటికీ అట్లనే నడుస్తున్నది. హమాలీకి బస్తాకింత. మన ఆడోళ్లకు మిర్చి తొడిమెలు తీస్తే, చింతపండు గింజ తీస్తే కిలోకింత. హాజరు పుస్తకం లేదు, చీటీ లేదు. ఇది చెడ్డ పని అని మేం అనడం లేదు. ఊరి నుంచి వచ్చినోళ్లను చదువు అడగకుండా తెల్లారే పనిలో పెట్టుకునేది గంజే కదా. కానీ దెబ్బ తగిలితే? ఈఎస్ఐ చట్టం 1948లోనే వచ్చింది. ఈఎస్ఐ మామూలుగా పది మంది, ఆపైన పనిచేసే చోటికే వర్తిస్తది. ఇంటికి మూట తెచ్చుకొని చేసేవాళ్లను ఎవరు లెక్కపెడతారు?

మా సంఘంలో ఒక అక్క భర్త హమాలీ. బస్తాతో మెట్ల మీద జారి నడుము దెబ్బతిన్నది. దుకాణంవాళ్లు ఆ రోజు కూలి, ఆటో కిరాయి ఇచ్చి ఊకున్నరు. అక్క మా దగ్గర 20,000 అప్పు తీసుకుంది. పెద్దబిడ్డ బడి మాని తొడిమెలు తీయడానికి కూర్చుంది. దుకాణానికి మిగిలిన ఖర్చు మన అప్పు పుస్తకంలోకి వచ్చి చేరింది. దేశంలో పనిచేసే పది మందిలో సుమారు తొమ్మిది మందిది ఇట్లాంటి పనే. అన్ని ఇండ్లలో చదువు ఆగితే, అప్పు పెరిగితే, బజారులో కొనేది ఎవరు? రేపు ఆ పిల్లలూ అదే కూలికి వస్తరు.

దారి లేక కాదు. మహారాష్ట్రలో 1969లో మాథాడి చట్టం చేశారు. వ్యాపారి కూలితోపాటు పైన కొంత సొమ్ము బోర్డులో కడితే, హమాలీకి పీఎఫ్, వైద్యం అందులోంచి వస్తయి. అహ్మదాబాదులో బట్టల మూటలు మోసే ఆడవాళ్లూ, ఇంకా అట్లాంటి పనులవాళ్లూ ఇలా భట్‌తో కలిసి 1972లో ‘సేవ’ సంఘం పెట్టుకున్నరు. యజమాని లేని సంఘం ఏంటని అధికారులు మొదట రిజిస్ట్రేషనే చేయలేదట! మన ఉమ్మడి రాష్ట్రంలో కూడా 1976లో హమాలీల కోసం చట్టం వచ్చింది. మీటింగులో అడిగితే దాని పేరు విన్నవాళ్లు ఒక్కరూ లేరు.

ఇప్పుడు మా మినిట్స్ బుక్కు వెనక పేజీల్లో ఎవరు ఎవరి సరుకు తెస్తున్నరు, కిలోకు ఎంత అని తేదీ వేసి రాస్తున్నం. రాసినాకనే తెలిసింది, ఒకే గల్లీలో ఒకే పనికి ఇద్దరికి కిలోకు రెండు రూపాయల తేడా ఉందని. ఇద్దరూ కలిసి పోయి అడిగితే తక్కువ వస్తున్న ఆమెకు ఒక రూపాయి పెంచారు. ఇంకో రూపాయి బాకీ ఉంది.