కృష్ణ పదార్థ కణాల బంధిత స్థితులు

కృష్ణ పదార్థ కణాల బంధిత స్థితి అనగా, తమలో తాము బలమైన అన్యోన్య చర్య గల కృష్ణ పదార్థ కణాలు రెండు గాని, అంతకంటే ఎక్కువ గాని జతకూడి ఏర్పరచే సంయుక్త కణం. ఇది సైద్ధాంతిక ప్రతిపాదన మాత్రమే. ఇటువంటి కణం ఇంతవరకు ప్రయోగాలలో కనబడలేదు. రెండు కణాల జతకు "డార్కోనియం" అనే పేరు కూడా ఉంది.

నేపథ్యం

విశ్వంలోని మొత్తం ద్రవ్యశక్తిలో కృష్ణ పదార్థం వాటా సుమారు 27 శాతం, పరమాణువులతో కూడిన సాధారణ పదార్థం వాటా 5 శాతం. కృష్ణ పదార్థ కణాలు ఒకదానినొకటి ఢీకొనకుండా సాగిపోతాయని చాలాకాలం భావించారు. అయితే ఆ లెక్కన చిన్న గెలాక్సీల నడిమి భాగంలో ఉండవలసిన సాంద్రత, పరిశీలనలలో తేలినదానికంటే ఎక్కువగా వచ్చింది. దీనికి పరిష్కారంగా 2000లో డేవిడ్ స్పెర్గెల్, పాల్ స్టైన్‌హార్ట్ ఈ కణాలు పరస్పరం ఢీకొంటాయని ప్రతిపాదించారు. ఢీకొనే అవకాశాన్ని వైశాల్యంగా కొలుస్తారు. చిన్న గెలాక్సీలకు కావలసినది గ్రాముకు సుమారు ఒక చదరపు సెంటీమీటరు. ఇది తక్కువ విలువ కాదు, పరమాణు కేంద్రకాల స్థాయికి చెందినది. వేగం హెచ్చుగా ఉండే బుల్లెట్ గెలాక్సీ గుచ్ఛంలో మాత్రం ఇంతకు మించి ఉండరాదని పరిశీలనలు తెలుపుతున్నాయి.

బంధం ఏర్పడే తీరు

తక్కువ వేగంతో ఢీకొనే కణాల ప్రవర్తనను "పరిక్షేపణ దైర్ఘ్యం" అనే ఒకే సంఖ్య నిర్ణయిస్తుంది. దాని పరిమాణం బలప్రభావ పరిధికంటే ఎంతో పెద్దదైతే, బలం లోతైన వివరాలతో పని ఉండదు. 2013లో ఎరిక్ బ్రాటెన్, హాన్స్ వెర్నర్ హామర్ ఈ సూత్రాన్ని కృష్ణ పదార్థానికి వర్తింపజేశారు. పరిక్షేపణ దైర్ఘ్యం ధనాత్మకమైతే బంధిత స్థితి తప్పక ఉంటుంది. బంధన శక్తి ఆ దైర్ఘ్యపు వర్గానికి విలోమానుపాతంలో ఉంటుంది. ఋణాత్మకమైతే, ఢీకొనడం ఎంత బలంగా ఉన్నా అటువంటి జత ఏర్పడదు.

ఇందుకు చక్కని ఉదాహరణ మనకు తెలిసిన ప్రోటాను, న్యూట్రానులే. రెండింటి స్పిన్‌లు ఒకే దిశలో ఉన్నప్పుడు ఈ దైర్ఘ్యం 5.4 ఫెర్మీలు, 22 లక్షల ఎలక్ట్రాను వోల్టుల బంధన శక్తితో డ్యూటిరాను ఏర్పడుతుంది. స్పిన్‌లు వ్యతిరేక దిశలలో ఉన్నప్పుడు అది మైనస్ 23.7 ఫెర్మీలు, పరిమాణం నాలుగు రెట్లు పెద్దదైనా బంధం లేదు. కనుక గెలాక్సీల పరిశీలన పరిక్షేపణ బలాన్ని చెప్పగలదే గాని, జత ఉందో లేదో దానివల్ల మాత్రమే తేలదు.

జత ఏర్పడాలంటే మిగులు శక్తి ఎటో పోవాలి. దానిని మూడవ కణమైనా తీసుకుపోవాలి, లేదా తేలికైన వేరొక కణం రూపంలోనైనా వెలువడాలి. నేటి గెలాక్సీలలో మూడు కణాలు ఒకేచోట కలియడం అత్యంత అరుదు కనుక, సాంద్రత అధికంగా ఉన్న తొలి విశ్వమే ఇందుకు అనువైన కాలం. ఆ దశలో ఇంకా పెద్ద "కృష్ణ కేంద్రకాలు" ఏర్పడి ఉండవచ్చునని 2014 నుండి కొన్ని పరిశోధనలు సూచించాయి.

గుర్తింపు

2013లోనే రంజన్ లహా, బ్రాటెన్ భూగర్భ ప్రయోగాలలో డార్కోనియం వదలే గుర్తును లెక్కించారు. అది కేంద్రకాన్ని తాకినప్పుడు చెక్కుచెదరకుండా పోవచ్చు, లేదా రెండుగా విడిపోవచ్చు. అందువలన కేంద్రకపు కుదుపుల శక్తి పంపిణీ, ఒంటరి కణం తాకినప్పటికంటే భిన్నంగా ఉంటుంది. ఇటలీలోని గ్రాన్ సాసో, అమెరికాలోని దక్షిణ డకోటా భూగర్భ ప్రయోగశాలలలో ద్రవ జెనాన్ తొట్లతో కృష్ణ పదార్థ కణాల కోసం అన్వేషణ సాగింది. కానీ ఏ రకపు కృష్ణ పదార్థ కణమూ ఇంతవరకు నిర్ధారణ కాలేదు.