ఎత్తిన చెయ్యి – ఆగిన బండి

మదనపల్లె నుంచి పుంగనూరు, పలమనేరు, కుప్పం మీదుగా కృష్ణగిరికి పోయే రోడ్డును యిప్పుడు 42వ నెంబరు జాతీయ రహదారి అంటున్నారు. ఆ రోడ్డుమీద లారీలో డ్రైవరు పక్కన కూర్చొని ప్రయాణం చేసినవారు వొక విషయం గమనించే వుంటారు. ఎదురుగా వచ్చే లారీ పట్టపగలు రెండుసార్లు లైట్లు కొడుతుంది. మన డ్రైవరు వెంటనే వేగం తగ్గిస్తాడు, బెల్టు లాక్కుంటాడు, సి బుక్కు వున్న సంచీ కోసం క్లీనరు వైపు చూస్తాడు. ముందు చెకింగు వుందని వొక అపరిచితుడు యింకొక అపరిచితుడికి చెప్పాడన్నమాట. వాళ్ళిద్దరూ వేర్వేరు రాష్ట్రాలవారు కావచ్చు, వేర్వేరు భాషలు మాట్లాడేవారు కావచ్చు. పోలీసు ఎదురైనప్పుడు మాత్రం వొకే పక్షం.

ఏటా జనవరిలో రోడ్డు భద్రత పేరిట సభలు జరుగుతాయి. మన డ్రైవర్లకు చట్టమంటే గౌరవం లేదని వక్తలు వాపోతారు. గౌరవం లేదన్న మాట చాలావరకు నిజమే. అది చదువు లేకపోవడం వల్లా, సంస్కారలోపం వల్లా వచ్చిందని చెప్పి చేతులు దులుపుకోవడంతోనే నాకు పేచీ. ఒక వృత్తిలోని లక్షలాదిమందికి వొకే రకమైన అపనమ్మకం వుంటే దాని వేళ్ళు ఆ మనుషుల స్వభావంలో వుండవు, వాళ్ళ అనుభవంలో వుంటాయి. యీ ప్రాంతంలో బండి ఆపడానికి ఎత్తిన చెయ్యి రెండువందల యేళ్ళుగా ముందు వసూలు కోసం ఎత్తినది. ప్రాణాలు కాపాడడానికి ఎత్తడం చాలా ఆలస్యంగా, అదీ అరకొరగా మొదలయింది. నేను చెప్పదలచుకున్నది యింతే.

యీ మూడు వూళ్ళూ యివాళ వొకే రోడ్డుమీద వున్నా వొకే యేలుబడి కింద పెరిగినవి కావు. మదనపల్లె 1800లో నిజాం కంపెనీకి ధారపోసిన దత్తమండలంలోది, కడప జిల్లా రైత్వారీ తాలూకా. పుంగనూరు జమీందారీ. కుప్పం కంగుంది జమీందారీలోది. 1911లో చిత్తూరు జిల్లా ఏర్పడేదాకా యీ జమీందారీలు రెండూ ఉత్తర ఆర్కాటు కింద వుండేవి. 1948 ఎస్టేట్ల రద్దు చట్టంతోగాని అవి పోలేదు. భౌగోళికంగా చూస్తే యిదంతా ఆర్కాటు మైదానం నుంచి మైసూరు పీఠభూమికి ఎక్కే మెట్టు. 1791లో టిప్పు మీదికి దండు నడిపిన కారన్‌వాలీస్ పలమనేరుకు దిగువనున్న మొగిలి కనుమ గుండానే పైకెక్కాడు. కనుమ వున్నచోట దారి వొక్కటే. దారి వొక్కటైనచోట అడ్డంగా నిలబడినవాడిదే బలం.

కంపెనీకి పూర్వం అలా నిలబడినవాడు పాళెగాడు. తన హద్దులో దొంగతనం జరగకుండా చూడడం, జరిగితే సొత్తు రాబట్టడం అతని బాధ్యత. అందుకు ప్రతిఫలంగా పల్లెల నుంచీ, దారిన పోయే సరుకు నుంచీ కావలి రుసుము తీసుకునేవాడు. కావలివాడి మనుషులే దోపిడీ కూడా చేసేవారని కంపెనీ ఉద్యోగులు పేజీలకు పేజీలు రాశారు. ఆ హక్కును లాక్కోవలసిన అవసరం వాళ్ళకుంది గనుక ఆ రాతల్ని సగం తగ్గించి చదవాలి. అయినా రక్షణా, రుసుమూ వొకే చేతిలో వుండేవన్నది మాత్రం కాదనలేం.

కంపెనీ వచ్చి ఆ చేతుల్ని విడదీసిందా? లేదు. 1816 నాటి 11వ రెగ్యులేషను పోలీసు అధికారాన్ని గ్రామపెద్దలకూ, తాసీల్దార్లకూ అప్పగించింది. శిస్తు వసూలుకు వచ్చిన బంట్రోతే దొంగను పట్టడానికీ వచ్చేవాడు. యీ యేర్పాటు రైతుకు ఎలాంటి అనుభవం మిగిల్చిందో 1855లో మద్రాసు చిత్రహింసల విచారణ సంఘం తన నివేదికలో నమోదు చేసింది. వేళ్ళను నొక్కే కిట్టి మొదలు, మనిషిని మెడవంచి కట్టి యెండలో నిలబెట్టడం దాకా శిస్తు కోసం చేసిన ఘోరాలన్నీ అందులో వున్నాయి. రెవెన్యూ నుంచి పోలీసును వేరుచేసిన 1859 మద్రాసు పోలీసు చట్టం ఆ నివేదిక తర్వాతనే వచ్చింది. ఆ వెంటనే 1861లో దేశానికంతటికీ నమూనా అయిన పోలీసు చట్టం వచ్చింది. శాఖలు వేరయ్యాయి. కాని 1857 తిరుగుబాటు చల్లారీ చల్లారకముందు తయారైన ఆ చట్టాలు జనాన్ని అదుపులో పెట్టడానికి పుట్టినవి. జనానికి జవాబు చెప్పుకోవడం వాటి ఉద్దేశంలో లేదు.

యిక బండ్లవాడి సంగతి. రాష్ట్రం లోపలి సరుకు రవాణామీద సుంకాన్ని 1844లో ఎత్తేశారు. 1871 లోకల్ ఫండు చట్టంతో రోడ్డు గేట్లు వచ్చాయి. దొరగారు మకాం వేస్తే బండ్లూ యెద్దులూ సమకూర్చడం తాసీల్దారు పని, తోలుకుపోవడం బండ్లవాడి వెట్టి. ఎద్దుల బండి దిగి మోటారు బండి ఎక్కిన డ్రైవరు, బంట్రోతును ఎలా చూడాలో తండ్రి తాతల దగ్గరే నేర్చుకొని ఎక్కాడు.

ఇక్కడ నన్ను ఎక్కువగా ఆకర్షించిన ఘట్టం మద్యనిషేధం. రాజాజీ ప్రభుత్వం 1937 అక్టోబరులో సేలం జిల్లాలో నిషేధం మొదలుపెట్టి, మరుసటి యేడే చిత్తూరు, కడప జిల్లాలకు విస్తరించింది. ఉద్దేశం మంచిదే, తాగుడు కూలివాడి కొంపలు ముంచుతున్నమాట నిజమే. కాని పటం చూడండి. కుప్పానికి యిటు మైసూరు సంస్థానం, అటు తమిళ తాలూకాలు. మద్రాసు చట్టం సరిహద్దు అవతల చెల్లదు. అవతల కోలారు బంగారు గనులూ, వేలాదిమంది గని కార్మికులూ, వాళ్ళకోసం వెలసిన దుకాణాలూ వున్నాయి. చీకటిపడితే సరుకు యీవలకు రావడానికి అడ్డేముంది? దానితో ప్రతి బండీ అనుమానానికి పాత్రమైంది. సోదా చేసే అధికారంతో పాటు, సారా మోసిన బండిని జప్తు చేసే అధికారం కూడా చట్టంలో వుంది. బండి పోతే సారా పంపిన ఆసామికి వొక బండే పోతుంది. తోలేవాడికి బతుకే పోతుంది. 1995లో వచ్చి రెండేళ్ళకే సడలిన నిషేధంలోనూ, 2019 తర్వాత ఆంధ్రలో మద్యం ధరలు పెంచగా కర్ణాటక సీసాలు పొట్లాలై దాటి వచ్చిన కాలంలోనూ సరిహద్దు చెక్‌పోస్టులు యిదే కథను మళ్ళీ నడిపాయి. దీనికి శేషాచలం ఎర్రచందనం తోడయింది. ఏది ఎవరిదైనా, దొరికినప్పుడు రోడ్డు మీద వుండేవాడు డ్రైవరు.

‘మామూలు’ అన్న మాట చరిత్రలో యిమిడి వుందంటాను. అరబ్బీ నుంచి పారశీకం మీదుగా మనకొచ్చిన ఆ మాటకు అర్థం ఆచారం, వాడుక. లంచానికి అంతకన్న మర్యాదైన పేరు దొరకదు. మోటారు వాహనాల ఇన్‌స్పెక్టరును మన డ్రైవర్లు ‘బ్రేకిన్‌స్పెక్టరు’ అనే పిలుస్తారు. బ్రేకులు చూడవలసినవాడు గనుక వచ్చిన పేరది, పేరు బాగానే వుంది. కాని దుడ్లు యిస్తే బ్రేకు పడుతుందనీ, యివ్వకపోతే లైటు వెలగదనీ లారీ ఆఫీసుల దగ్గర చెప్పుకునే పరిహాసం అన్ని తాలూకాల్లోనూ వొకటే. పోలీసును ‘సార్’ అని, వెనక్కి తిరిగాక వేరే పేరుతో పిలవడం భయస్థుడి లక్షణమంటారు కొందరు. నా దృష్టిలో అది జమాఖర్చులు తెలిసినవాడి లక్షణం. చలానా రాయిస్తే యింత, రాయించకపోతే యింత, ఆగి వాదిస్తే టమాటా యింత మెత్తబడుతుంది అని లెక్క వేసుకున్న తర్వాతే అతని నోట ‘సార్’ వస్తుంది. మదనపల్లె మార్కెట్లో ఎక్కిన లోడు దూరపు మార్కెట్టుకు వేళకు చేరకపోతే నష్టం ఎవరి కూలిలో కోస్తారో అతనికి తెలుసు.

అలాగని పోలీసును రాక్షసుణ్ణి చేయడం మన పని కాదు. కూడలిలో దుమ్ములో నిలబడే కానిస్టేబులు కూడా జీతగాడే. 1966 చట్టం అతనికి సంఘం పెట్టుకునే హక్కును పరిమితం చేసింది. డ్రైవరు సమ్మె చేయగలడు, అతను చేయలేడు. పైవాడు కేసుల లెక్క అడిగితే కిందివాడు తేలిగ్గా దొరికే ఆటోనూ, స్కూటరునూ ఆపుతాడు. నల్లద్దాల కారు ఆపడానికి అతనికీ భయమే.

డ్రైవర్లను ఆకాశానికెత్తడమూ తప్పే. 2022లో దేశంలో రోడ్డు ప్రమాదాల్లో 1,68,491 మంది చనిపోయారు. వారిలో నూటికి 44 మందికి పైగా స్కూటర్లూ మోటారుసైకిళ్ళవాళ్ళు, 19 మందికి పైగా కాలినడకన పోయేవాళ్ళు. అంటే చక్రం కింద పడేది ఎక్కువగా మనవాళ్ళే. కొత్త న్యాయసంహితలోని 106(2) సెక్షను ప్రకారం, గుద్ది చెప్పకుండా పారిపోతే పదేళ్ళ దాకా శిక్ష. దానిమీద 2024 జనవరి 1, 2 తేదీల్లో లారీలు ఆగినప్పుడు, హైదరాబాదులో పెట్రోలు బంకుల ముందు బారులు తీరినప్పుడు, మధ్యతరగతి విద్యావంతులు చాలామంది కోప్పడ్డారు. గుద్దినవాడు ఆగాలి కదా అన్నారు. ఆగాలి. నిజమే. అయితే ఆగితే గుంపు చంపుతుంది, పోలీసు స్టేషనుకు పోతే తప్పెవరిదైనా పెద్ద బండివాడిదే అంటారు అన్న నమ్మకం ఎలా ఏర్పడిందో అడిగినవాళ్ళు తక్కువ. ఆ సెక్షనును 2024 జూలై 1 నుంచి అమలులోకి వచ్చిన సంహితలో పక్కన పెట్టారు. 2019లో తాగి నడిపితే జరిమానా రెండు వేల నుంచి పదివేలకూ, లైసెన్సు లేకపోతే అయిదు వందల నుంచి అయిదు వేలకూ పెంచినప్పుడు వచ్చిన కోపం కూడా యీ కోవలోదే. రేటు పెరిగితే మామూలు కూడా పెరుగుతుందని డ్రైవరు మొదట లెక్కగట్టాడు.

రోడ్డు ఎవరిదన్న ప్రశ్న యీ వూళ్ళలో లారీలతోనే ఆగలేదు. 2023 జనవరి 2న, కందుకూరు, గుంటూరు తొక్కిసలాటల తర్వాత, ఆంధ్ర ప్రభుత్వం రోడ్లమీద సభల్ని కట్టడి చేస్తూ 1వ నెంబరు జీవో యిచ్చింది. ఆధారం? 1861 పోలీసు చట్టం 30వ సెక్షను. రెండు రోజుల్లోనే కుప్పం నియోజకవర్గంలో అప్పటి ప్రతిపక్ష నాయకుడు చంద్రబాబు నాయుడును పోలీసులు అడ్డుకున్నారు. ఆ ఆగస్టులో పుంగనూరు దగ్గర దారి విషయంలోనే ఘర్షణ జరిగి పోలీసు బండ్లు తగలబడ్డాయి. కమ్యూనిస్టు నాయకుడు కె. రామకృష్ణ వంటివారు వేసిన పిటిషన్లమీద హైకోర్టు మే 12న ఆ జీవోను కొట్టేసింది. ప్రతిపక్ష నాయకుడికి కోర్టు దొరికింది. ఆటోవాడికి రోడ్డు పక్కన చింతచెట్టు నీడే కోర్టు.

1939 మోటారు వాహనాల చట్టంలో 65వ సెక్షను వొకటి వుండేది. డ్రైవరు చేత వరసగా అయిదు గంటలకు మించి, రోజుకు తొమ్మిది గంటలకు మించి, వారానికి యాభైనాలుగు గంటలకు మించి బండి నడిపించకూడదు. 1961 మోటారు రవాణా కార్మికుల చట్టం దాన్ని రోజుకు ఎనిమిది, వారానికి నలభై ఎనిమిది గంటలకు తగ్గించింది. 1988 చట్టం 91వ సెక్షను ఆ గంటలనే అన్ని రవాణా వాహనాలకూ వర్తింపజేసింది. మొగిలి కనుమలో, 2024 సెప్టెంబరులో బస్సూ లారీ ఢీకొని జనం చచ్చిపోయినటువంటి మలుపుల్లో, యీ సెక్షన్లే అన్నిటికన్న పనికివచ్చేవి. లైసెన్సు అడుగుతారు, ఇన్సూరెన్సు అడుగుతారు, పొల్యూషను కాగితం అడుగుతారు, సరుకు బిల్లు అడుగుతారు. నిద్రపోయి ఎన్ని గంటలయిందని అడగగా నేను వినలేదు. ఆ ప్రశ్నకు జవాబు చెప్పవలసినవాడు స్టీరింగు వెనక వుండడు. లోడు ఎక్కించి, వేళ నిర్ణయించి, మండీలో కూర్చొని వుంటాడు. పైగా 1961 చట్టం అయిదుగురికి తక్కువ పనివాళ్ళున్న సంస్థను తన పరిధిలోకి తీసుకోలేదు. వొక్క లారీ ఆసామి దాని బయటే వుండేవాడు. దాన్ని అమలు చేయవలసిన కార్మిక శాఖ ఇన్‌స్పెక్టరుకు రోడ్డుమీద చెయ్యెత్తే పని వుండేది కాదు. చెయ్యెత్తే పోలీసుకు గంటలు లెక్కపెట్టే పని లేదు.