ఎముక చెప్పే కబురు



నడుంనొప్పి ఎరగని ఇల్లాలు ఉంటుందా చెప్పండి? బిందె ఎత్తినా, పిల్లవాణ్ణి చంకనేసుకున్నా, పొయ్యి దగ్గర పూటంతా నిలబడ్డా నడుం పట్టేస్తుంది. కాస్త అమృతాంజనం రాసుకుని, కాపడం పెట్టుకుని మళ్లీ పనిలో పడతాం. చాలావరకు అది పని నొప్పే, నాలుగు రోజుల్లో పోతుంది. కాని రొమ్ము క్యాన్సర్ వచ్చిన స్త్రీకి నడుం నొప్పెడితే వైద్యుడి మనసులో మరో ప్రశ్న పుడుతుంది. ఇది పని నొప్పేనా, లేక జబ్బు ఎముకలోకి దిగిందా? బతికున్న మనిషిలో ఆ ప్రశ్నకి తేలిగ్గా జవాబు వెతికే మార్గం దొరకడానికి ఎనభై ఏళ్లు పైగా పట్టింది. ఆ కథే ఈవేళ చెప్పుకుందాం.

1889లో లండన్‌లో స్టీఫెన్ పేజెట్ అనే శస్త్రవైద్యుడు రొమ్ము క్యాన్సర్‌తో చనిపోయిన 735 మంది స్త్రీల శవపరీక్షల వివరాలు ఒకచోట చేర్చి చూశాడు. జబ్బు శరీరంలో ఎక్కడపడితే అక్కడ పాకడం లేదు. కాలేయాన్నీ, కొన్ని ఎముకలనూ ఏరి మరీ పట్టుకుంటోంది. విత్తనం నలుదిక్కులకూ ఎగిరిపోయినా, తనకు పడే నేల మీదే మొలుస్తుంది కదా, ఇదీ అలాంటిదేనన్నాడాయన. రొమ్ము క్యాన్సర్‌కి అలాంటి నేల మన ఎముక. వెన్నుపూసలు, పక్కటెముకలు, కటి ఎముకలు, తొడ ఎముక పైభాగం దానికి ఇష్టమైన చోట్లు. ఎంత గొప్ప సంగతి కనిపెట్టినా ఏం లాభం? అది తెలిసేది మనిషి పోయిన తరువాత!

అదే రోజుల్లో అమెరికాలో హాల్‌స్టెడ్ అనే వైద్యుడు రొమ్మునూ, దాని కింది ఛాతీ కండరాలనూ, చంకలోని గ్రంథులనూ కలిపి తీసేసే పెద్ద ఆపరేషన్‌ని ప్రచారంలోకి తెచ్చాడు. కొన్ని దశాబ్దాల పాటు లోకమంతా అదే పద్ధతి. జబ్బు అప్పటికే వెన్నెముకకి చేరిపోయిన స్త్రీకి ఆ కోత వల్ల ఒరిగేదేమిటి? చెయ్యి పైకెత్తలేని బాధ మిగిలేది, జబ్బు మాత్రం పోయేది కాదు. జబ్బు ఎక్కడుందో తెలియకపోవడం వల్ల ఆడవాళ్లు చెల్లించిన మూల్యం అది.

1895 నవంబరులో జర్మనీలో రాంట్‌జన్ ఎక్స్ కిరణాలు కనిపెట్టాడు. డిసెంబరులో ఆయన తీసిన ప్రసిద్ధమైన చిత్రం ఎవరిదనుకున్నారు? భార్య బెర్తా చేతిది. వేళ్ల ఎముకలూ, వాటి మధ్య నల్లగా ఉంగరమూ! ఆమె హడలిపోయిందని చెబుతారు. అయితే ఎక్స్‌రేకి ఒక లోపం ఉంది. ద్వారబంధానికి చెదలు పట్టిందనుకోండి. పైన రంగు నిగనిగలాడుతూనే ఉంటుంది, లోపల సగం డొల్లయ్యాక గాని బయటపడదు. ఎముకలోని ఖనిజంలో నూటికి 30 నుంచి 50 పాళ్లు కరిగిపోతే గాని మామూలు ఎక్స్‌రేలో ఆ లోటు స్పష్టంగా కనిపించదు. అప్పటికి ఆలస్యమైపోతుంది.

ఎముక తనంతట తాను కబురు చెప్పే ఉపాయం కావాలి. ఆ ఉపాయానికి మొదటి సూచన ఒక ఘోరం నుంచి వచ్చింది. మొదటి ప్రపంచ యుద్ధం నాటి నుంచి అమెరికాలోని న్యూజెర్సీలో చీకట్లో మెరిసే గడియారాల అంకెలకి రేడియం రంగు వేసే పనికి ఆడపిల్లల్ని పెట్టుకున్నారు. కుంచె మొన తేలడానికి పెదవులతో తడుపుకోమని నేర్పారు. కొన్నాళ్లకి పళ్లు ఊడిపోయి, దవడలు కుళ్లిపోయి, ఎముకలు విరిగి ఎందరో చనిపోయారు. రేడియం గుణంలో సున్నానికి దగ్గర చుట్టం. అందుకే శరీరం దాన్ని సున్నమనే భ్రమపడి ఎముకల్లో దాచుకుంది. 1925లో మార్ట్‌లండ్ అనే వైద్యుడు ఈ సంగతి రుజువు చేశాడు. అయిదుగురు స్త్రీలు మంచాన పడే స్థితిలో కూడా కోర్టుకెక్కి, 1928లో కంపెనీ నుంచి పరిహారం రాబట్టారు. ఎముక కొన్ని పదార్థాల్ని ఏరి తీసుకుంటుందన్న పాఠం ఆ పిల్లల ప్రాణాల ఖరీదు.

ఎముక రాయిలాంటిదని మనమనుకుంటాం. కాదు. 1935లో హెవెసీ అనే శాస్త్రజ్ఞుడు ఎలుకలకి కిరణాలు వెలువరించే భాస్వరం పెట్టి, ఎముకలోని పాత భాస్వరం పోతూ కొత్తది వస్తూ ఉంటుందని నిరూపించాడు. అంటే ఎముక నిత్యం మరమ్మతు జరిగే ఇల్లన్నమాట. భాస్వరం మాటొచ్చింది గనుక మన భీమవరంలో పుట్టిన యల్లాప్రగడ సుబ్బారావుగారిని తలుచుకోవాలి. ఆయన పుట్టిందీ ఎక్స్ కిరణాలు పుట్టిన 1895లోనే. రక్తంలో భాస్వరం ఎంతుందో కొలిచే పద్ధతిని ఆయనా, ఫిస్కే అనే ఆచార్యుడూ కలిసి 1925లో ప్రకటించారు. ఆయన నడిపిన పరిశోధనశాలలోనే తయారైన మెథోట్రెక్సేట్, తరువాతి కాలంలో రొమ్ము క్యాన్సర్‌కి వాడిన మందుల్లో ఒకటైంది.

ఇక కావలసింది ఒంట్లోకి వెళ్లి, కబురు చెప్పి, హాని చేయకుండా తొందరగా పోయే దూత. 1960లలో మొదట స్ట్రాన్షియం వాడారు. కాని దాని కిరణాలు సగానికి తగ్గడానికే రెండు నెలలు దాటుతుంది. ఆ లోటు తీర్చింది టెక్నీషియం. 1937లో ఇటలీలో పెరియే, సెగ్రే అనేవారు కనిపెట్టిన మూలకమిది. వైద్యంలో వాడే టెక్నీషియం ఆరు గంటల్లో సగమైపోతుంది, ఒక రోజు గడిచేసరికి పదహారో వంతే మిగులుతుంది. మరి అంత త్వరగా కరిగిపోయేదాన్ని ఊరూరా ఆసుపత్రులకి పంపడమెలా? 1950ల చివర అమెరికాలోని బ్రూక్‌హేవెన్ ప్రయోగశాలలో వాల్టర్ టకర్, మార్గరెట్ గ్రీన్ అనే ఆమె కలిసి ఉపాయం తీశారు. టెక్నీషియానికి తల్లి అయిన మాలిబ్డినాన్ని ఒక గొట్టంలో బిగించి పంపుతారు. ఆసుపత్రిలో ఉప్పునీరు పోసి పిల్లని దించుకుంటారు. మర్నాటికి మళ్లీ ఊరుతుంది. ఆసుపత్రి వాళ్లు ఆ పరికరాన్ని ముద్దుగా ఆవు అంటారు, పొద్దున్నే పిండుకోవడమే కదా! ఆ కిరణాల్ని చిత్రంగా మార్చే గామా కెమెరాని హాల్ యాంగర్ అదే కాలంలో తయారుచేశాడు.

మిగిలింది టెక్నీషియాన్ని ఎముకకి చేర్చడం. ఉప్పునీళ్లు కాచే బాయిలర్ అడుగున తెల్లటి పెచ్చు కడుతుంది చూశారూ? ఆ సున్నం పేరుకోకుండా నీళ్లలో పాలీఫాస్ఫేట్లు కలపడం పరిశ్రమల్లో ఉన్న పద్ధతే. అవి సున్నాన్ని అంటిపెట్టుకుంటాయి. ఎముకలో ఉన్నదీ సున్నమూ భాస్వరమే. 1971లో సిరక్యూస్‌లో మన దేశం నుంచి వెళ్లిన గోపాల్ సుబ్రమణియన్, మెకాఫీ అనే వైద్యుడితో కలిసి టెక్నీషియాన్ని పాలీఫాస్ఫేట్‌కి ముడివేశాడు. అది నేరుగా వెళ్లి ఎముకని పట్టుకుంది. తల నుంచి కాలి దాకా అస్థిపంజరమంతా ఒక్క పూటలో కంటికి కనిపించింది.

ఇందులో ఒక కీలకం ఉంది, వినండి. బోన్ స్కాన్‌లో కనబడేది క్యాన్సర్ కాదు. దొంగ గోడకి కన్నం వేస్తే మేస్త్రి వచ్చి పూడుస్తాడే, ఆ మేస్త్రి పనిని చూస్తున్నామన్నమాట. ఎముక ఎక్కడ హడావుడిగా మరమ్మతు చేసుకుంటోందో అక్కడ మందు ఎక్కువ చేరుతుంది. అందుకే ఎక్స్‌రేకంటే ముందే పసిగడుతుంది. అందుకే పాత దెబ్బా, కీళ్లవాతమూ కూడా చుక్కల్లా మెరుస్తాయి. చుక్క కనబడగానే గుండె జారవిడుచుకోకండి. అనుమానం ఉంటే సీటీ, ఎంఆర్ఐ, పెట్ వంటి పరీక్షలతో సరిచూస్తారు.

పరీక్షకి భయపడేదేమీ లేదు. చేతికి ఒక ఇంజెక్షన్, రెండు నుంచి నాలుగు గంటల విరామం, బాగా నీళ్లు తాగడం, ఆ తరువాత కెమెరా కింద కదలకుండా పడుకోవడం. గర్భిణులూ, పాలిచ్చే తల్లులూ మాత్రం ఆ సంగతి ముందే చెప్పితీరాలి.

తెలిసి ఏం లాభం అంటారా? చాలా ఉంది. ఎముకకి చేరిందని తేలితే వైద్యం దారే మారుతుంది. హార్మోను మాత్రలు, నొప్పి తగ్గించే రేడియేషన్, ఎముకని కాపాడే మందులు ఇస్తారు. చిత్రమేమిటంటే, ఆ ఎముక మందుల్లో కొన్ని స్కాన్ మందుకి స్వయానా దాయాదులు. జబ్బు పూర్తిగా పోకపోయినా ఏళ్ల తరబడి ఇల్లు చక్కబెట్టుకుంటూ బతికే స్త్రీలు ఈనాడు ఎందరో ఉన్నారు. అలాగని ప్రతి ఒక్కరికీ స్కాన్ అక్కర్లేదు. తొలిదశలో ఉండి బాధలేమీ లేనివారికి ఈ పరీక్షలు మామూలుగా చేయవద్దని 2012లో అమెరికా క్యాన్సర్ వైద్యుల సంఘమే చెప్పింది. అక్కర్లేని పరీక్ష అక్కర్లేని భయాన్ని తెస్తుంది. డాక్టరుగారు రాయలేదంటే అశ్రద్ధ అనుకోనక్కర్లేదు, కారణం అడిగి తెలుసుకోండి.

చివరిగా ఒక్క మాట. కెమెరా ఎంత గొప్పదైనా, నొప్పి సంగతి మనం నోరు విప్పి చెబితేనే దాని దాకా వెళ్లేది. మీలో గాని, మీ అక్కచెల్లెళ్లలో గాని, మీ అత్తగారికి గాని ఎప్పుడో రొమ్ము క్యాన్సర్ వచ్చి తగ్గి ఉంటే, కొత్తగా వచ్చిన ఎముకనొప్పి వారాలు గడిచినా తగ్గకపోతే, రాత్రిళ్లు నిద్ర లేపేస్తే, వయసు నొప్పి అని సరిపెట్టుకోవద్దు. నొప్పితో పాటు కాళ్లు పట్టు తప్పినా, మూత్రం మీద అదుపు పోయినా ఆ పూటే ఆసుపత్రికి పరుగెత్తాలి. ఇంటిల్లిపాదికీ ఒంట్లో ఎలా ఉందని అడిగేది మనమే. మన ఒంటి సంగతి మనమే చెప్పుకోవాలి. చెప్పుకోవడంలో సిగ్గూ లేదు, స్వార్థమూ లేదు.