పేరును మోసిన తరంగాలు

విద్వత్తు ఉన్నచోటికి ప్రఖ్యాతి తానే వెతుక్కొంటూ వస్తుందని మనం తరచు అనుకొంటాము. జాజ్ సంగీత చరిత్ర ఈ నమ్మకాన్ని బలపరచదు.

అమెరికా నల్లజాతివారి నుండి ఉద్భవించిన ఈ సంగీతంలో అగ్రగణ్యుడైన స్వరకర్త డ్యూక్ ఎల్లింగ్టన్. ఆయన 1899లో వాషింగ్టన్ నగరంలో జన్మించినాడు. 1926లో న్యూయార్కులో ఇర్వింగ్ మిల్స్ అనే సంగీత ప్రచురణకర్త ఆయన వ్యవహారాలను చేపట్టినాడు. ఒకే బృందం చేత వేర్వేరు పేర్లతో వేర్వేరు కంపెనీలకు గ్రామఫోను రికార్డులు ఇప్పించడం మిల్స్ అనుసరించిన ఒక ఉపాయం. 'వాషింగ్టోనియన్స్', 'జంగిల్ బ్యాండ్' అనే పేర్ల వెనుక ఉన్నది ఒకే వాద్యగోష్ఠి.

1927 డిసెంబరులో ఆ బృందానికి హార్లెం ప్రాంతంలోని కాటన్ క్లబ్బులో కొలువు కుదిరినది. అక్కడ వాయించేవారు, ఆడేవారు నల్లవారు. కూర్చుని వినేవారు తెల్లవారు. కళాకారుని స్వజనానికి సాధారణంగా ఆ ద్వారం మూసియే ఉండేది. అయితే ఆ వేదిక నుండి రేడియో ప్రసారాలు వెలువడినవి. 1929 నాటికి సి.బి.ఎస్. సంస్థ ఆ వాద్యాన్ని దేశమంతటా వినిపించినది. రేడియో తరంగాన్ని ఆపగల ద్వారపాలకుడు లేడు గదా! లోపలికి ప్రవేశం లేనివారు సైతం ఇంట కూర్చుండి అదే సంగీతాన్ని విన్నారు. 1930లో 'మూడ్ ఇండిగో' ప్రసారమైన పిమ్మట ఉత్తరాలు కట్టలుగా వచ్చినవని ఎల్లింగ్టన్ స్వయంగా చెప్పుకొన్నాడు.

మిల్స్ అంతటితో ఊరుకోలేదు. థియేటరు యజమానులకు ప్రచార పుస్తకాలు పంపి, ఎల్లింగ్టన్‌ను కేవలం వినోదం కలిగించేవాడుగా కాక మహాస్వరకర్తగా ప్రకటించవలసినదని సూచించినాడు. నల్లజాతి కళాకారునికి ఆనాడు అరుదైన గౌరవమది. 1933లో ఆ బృందం లండను పలేడియంలో వాయించినది.

ఈ సేవకు వెల కూడా ఉన్నది. అనేక కృతులపై సహకర్తగా మిల్స్ పేరు చేరినది. రాయల్టీలోనూ భాగం పోయినది. 'మూడ్ ఇండిగో' గీతరచన తనదేనని మిచెల్ పారిష్ అనే కవి తరువాత చెప్పినాడు. పాటపై మాత్రం ఆయన పేరు లేదు, మిల్స్ పేరున్నది. 1939లో ఎల్లింగ్టన్ మిల్స్‌ను విడిచినాడు. 1963లో ఆయన బృందంతో మన దేశానికి వచ్చేసరికి, ఆయనను పరిచయం చేయవలసిన పనే లేకపోయినది.

ప్రచారం ప్రతిభను పుట్టించలేదు. చేరవలసిన చెవికి దానిని చేర్చగలదు. రేడియోలో ఒక గొప్ప పేరు విన్నప్పుడు, దానిని మోసుకొని వచ్చినవారినీ, ఆ మోతకు కళాకారుడు చెల్లించిన కూలినీ మనం తలచుకోవడం న్యాయం.