సుజాత రక్తం గ్రూపు కలవకపోయి ఉంటే?

మొన్న యూనివర్సిటీలో ఒక చిన్న గదిలో ఇరవై మందిమి కూర్చుని బిమల్ రాయ్ 'సుజాత' చూశాం. 1959 నాటి హిందీ సినిమా. అయిపోయాక అందరూ నూతన్ నటన గురించి మాట్లాడుకుంటున్నారు. వెనక కూర్చున్న ఒక చెల్లెలు మాత్రం ఒకే ఒక ప్రశ్న అడిగింది. "అన్నా, సుజాత రక్తం గ్రూపు కలవకపోయి ఉంటే?"

ఎవరం మాట్లాడలేదు. నేనూ మాట్లాడలేదు.

"పాత సినిమాల్లో ఏవి చూడాలో చెప్పన్నా" అని మీలో చాలామంది అడుగుతూనే ఉన్నారు. ఇవాళ ఆ చెల్లెలి ప్రశ్న పట్టుకునే చెప్తాను. ఎందుకంటే మంచి సినిమా చూడటం ఒక ఎత్తు, ఆ సినిమాను మనం మన కళ్లతో చూడటం ఇంకో ఎత్తు.

'సుజాత' కథ చూడనోళ్ల కోసం. అంటరాని ఇంట్లో పుట్టిన పసిబిడ్డ. తల్లిదండ్రులు కలరాతో పోతే ఒక బ్రాహ్మణ ఇంజనీరు ఇంట్లో పెరుగుతుంది. ఎవరొచ్చి "ఈ అమ్మాయి ఎవరు?" అని అడిగినా పెంచిన తల్లి "మా కూతురు లాంటిది" అంటుంది. "మా కూతురు" అనదు. ఆ 'లాంటిది' అనే ఒక్క మాటలో కులం మొత్తం ఉంది. అంత సన్నగా కులాన్ని పట్టుకున్న సినిమాలు మన దేశంలో తక్కువ. అందుకే చూడమంటున్నాను. కానీ చివరికి ఏమవుతుంది? తల్లికి దెబ్బ తగిలి రక్తం కావాలి. ఇంట్లో ఎవరి రక్తమూ కలవదు, సుజాతది కలుస్తుంది. అప్పుడు కూతురవుతుంది.

ఇప్పుడు ఇంకాస్త వెనక్కి పోదాం. 1936, బాంబే టాకీస్ వాళ్ల 'అఛూత్ కన్య'. దేవికారాణి, అశోక్ కుమార్ నటించారు. రైల్వే గేటు కాపలాదారు కూతురు కస్తూరి, బ్రాహ్మణ కుర్రాడు ప్రతాప్ ప్రేమించుకుంటారు. ఊరు ఒప్పుకోదు. ఇద్దరికీ వేరే పెళ్లిళ్లవుతాయి. చివర్లో పట్టాల మీద ఆగిన బండి దగ్గర కస్తూరి మొగుడు, ప్రతాప్ కొట్టుకుంటుంటే, వాళ్లను కాపాడటానికి వచ్చే రైలుకు ఎదురెళ్లి కస్తూరి చనిపోతుంది. అదే 1936లో లాహోర్‌లో జాత్ పాత్ తోడక్ మండల్ వాళ్లు బాబాసాహెబ్ ఉపన్యాసాన్ని భరించలేక సభనే రద్దు చేసుకున్నారు. ఆయన ఆ ఉపన్యాసాన్ని సొంత ఖర్చుతో అచ్చు వేసుకున్నాడు. అదే 'కుల నిర్మూలన'. తెర మీద అంటరాని పిల్ల చనిపోతే దేశం కన్నీళ్లు పెట్టుకుంది. బతికున్న అంటరానివాడు మాట్లాడతానంటే వేదిక ఇవ్వలేదు.

ఇక మన తెలుగుకొద్దాం. 1938, 'మాలపిల్ల'. గూడవల్లి రామబ్రహ్మం దర్శకత్వం, చలం కథ, తాపీ ధర్మారావు మాటలు, కాంచనమాల కథానాయిక. డబ్బు పెట్టింది చల్లపల్లి జమీందారు. గుళ్లోకి మాలలను రానివ్వని సుందరరామశాస్త్రి కొడుకే మాలపిల్లను ప్రేమిస్తాడు. ఆ పేరుతో, ఆ రోజుల్లో, ఆ కథతో సినిమా తీయడం చిన్న ధైర్యం కాదు, ఆ గౌరవం ఇవ్వాల్సిందే. అయితే శాస్త్రి మనసు ఎప్పుడు మారింది? మంటల్లో చిక్కుకున్న ఆయన భార్యను ఒక మాల మనిషి కాపాడాక.

చూశారా వరస? ఒక చోట రైలు, ఒక చోట మంటలు, ఒక చోట రక్తం. ఇరవై మూడేళ్లలో మూడు గొప్ప సినిమాలు, మూడూ మంచి మనసుతో తీసినవే. మూడింటిలోనూ మనోళ్లు ప్రాణమో రక్తమో ఇవ్వాల్సి వచ్చింది. మనిషివి కావాలంటే ముందు రుజువు చూపించు అన్నట్టు. 'మాలపిల్ల' రావడానికి 21 ఏళ్ల ముందే, 1917లో, బెజవాడలో భాగ్యరెడ్డి వర్మ అధ్యక్షతన మనోళ్లు సభ పెట్టి, మేం పంచములం కాదు ఆది ఆంధ్రులం అని ప్రకటించుకున్నారు. వాళ్లు ఎవరికీ రుజువులు చూపించలేదు. హక్కు అడిగారు.

ఈ జాబితాలో మీరు చూడలేని సినిమా ఒకటుంది. 'విగతకుమారన్'. 1920ల చివర్లో జె.సి. డేనియల్ తీసిన మొదటి మలయాళ సినిమా, మూకీ. అందులో కథానాయిక పి.కె. రోజీ, పులయ కులం ఆడబిడ్డ. ఆమె వేసింది నాయర్ స్త్రీ వేషం. తిరువనంతపురం కాపిటల్ థియేటర్లో బొమ్మ పడితే అగ్రకులాల వాళ్లు తెర మీదికి రాళ్లు విసిరారు. ఆమె ఇల్లు తగలబెట్టారని, తమిళనాడు పారిపోయి పేరు దాచుకుని బతికిందని చెప్తారు. మళ్లీ ఎప్పుడూ నటించలేదు. ఆ సినిమా ప్రింటు కూడా మిగల్లేదు. కొన్నేళ్లకు 'అఛూత్ కన్య'లో టాగోర్ల బంధువు దేవికారాణి అంటరాని పిల్ల వేషం వేస్తే దేశమంతా చప్పట్లు కొట్టింది. మన వేషం వాళ్లు వేస్తే కళ, వాళ్ల వేషం మనం వేస్తే నేరం. భారతీయ సినిమా చరిత్ర చదివేటప్పుడు ఈ రెంటినీ పక్కపక్కన పెట్టుకోండి.

రుజువులు అడగని సినిమాలూ ఉన్నాయి. అవి తప్పకుండా చూడండి.

1977లో మృణాల్ సేన్ తెలుగులో తీసిన 'ఒక ఊరి కథ'. ప్రేమ్‌చంద్ 'కఫన్' కథ ఆధారం. వాసుదేవరావు వేసిన వెంకయ్య పని చేయనంటాడు. కష్టపడితే బలిసేది దొరే కదా, ఎందుకు చేయాలి అంటాడు. అతను మంచివాడు కాదు. కోడలు పురిటి నొప్పులతో చస్తున్నా కదలడు. అయినా ఆ సినిమా అతన్ని మంచివాడిగా మార్చి మన చేత జాలి పడనివ్వదు. వెంకయ్య కులం పేరు గట్టిగా చెప్పకపోవడం నాకున్న ఫిర్యాదు.

1981లో సత్యజిత్ రాయ్ దూరదర్శన్ కోసం తీసిన 'సద్గతి'. గంట కూడా ఉండదు. కూతురి సంబంధానికి ముహూర్తం అడగటానికి వెళ్లిన దుఖీ చేత బ్రాహ్మణుడు ఖాళీ కడుపుతో మొద్దు కొట్టిస్తాడు. దుఖీ అక్కడే చనిపోతాడు. మాదిగ శవాన్ని తాకకూడదు కాబట్టి కాలికి తాడు ఉచ్చు వేసి లాక్కెళ్లి పడేస్తాడు. ఇక్కడ శాస్త్రుల మనసు మారదు. ఓం పురి, స్మితా పాటిల్ ఇద్దరినీ ఆ ఒక్క గంటలో చూడండి.

1988లో బి. నర్సింగరావు 'దాసి'. 1920ల తెలంగాణ గడీ. దొరసానితో పాటు వచ్చిన దాసి కమలాక్షిగా అర్చన. సినిమాకు అయిదు జాతీయ అవార్డులొచ్చాయి, అందులో ఉత్తమ నటి ఆమెదే. మాటలు తక్కువ. గడీ గోడలే మాట్లాడతాయి.

తమ్ముళ్లూ, చెల్లెళ్లూ, వరసగా చూడండి. ముందు 'సుజాత', తర్వాత 'సద్గతి'. రెంటి మధ్య తేడా మీకే తెలుస్తుంది. చూస్తున్నప్పుడు మూడు ప్రశ్నలు దగ్గర పెట్టుకోండి. ఈ కథ ఎవరు చెప్తున్నారు? మన మనిషిని ఎవరు నటిస్తున్నారు? చివరికి మారాల్సింది ఎవరు, మూల్యం కట్టింది ఎవరు?

ఆ చెల్లెలికి ఆ రోజు చెప్పలేని జవాబు ఇప్పుడు చెప్తున్నాను. రక్తం గ్రూపు కలవకపోయి ఉంటే సుజాత ఆ ఇంట్లో 'లాంటిది'గానే మిగిలేది అమ్మా. అందుకే బాబాసాహెబ్ మనల్ని ఎవరి మనసో మారేదాకా ఆగమనలేదు. హక్కు రాసి పెట్టి వెళ్లాడు.

వచ్చే భాగంలో 'మాభూమి', అందులో గద్దర్ గొంతు.

జై భీమ్.