టచ్‌ప్యాడ్‌కో పుల్ల కలం

లాప్‌టాప్ టచ్‌ప్యాడ్ మీద బొమ్మలు గీయడానికి నేను వాడే కలానికి పది రూపాయలు కూడా ఖర్చు కాలేదు. రీఫిల్ అయిపోయిన బాల్‌పెన్ను గొట్టం, చపాతీలు చుట్టే అల్యూమినియం రేకు, చివర ఓ నల్ల స్పాంజి ముక్క. పిల్లల కథలకి బొమ్మలు వేసుకునే నాకు ఇంతకంటే అక్కర్లేదు. మా మేనల్లుడికి మాత్రం ఇది నామోషీ. "పెన్ ట్యాబ్లెట్ ఒకటి కొనుక్కోరాదా మామా, ఎందుకొచ్చిన తంటా?" అంటాడు. బొమ్మలు వేసేవాడు తన కలం తనే చేసుకోవడం చాలా పాత అలవాటనీ, ఏ కలం కావాలో తేల్చేది గీసేవాడి సరదా గాక గీత పడే చోటేననీ వాడితో నా వాదం.

మాది తిరుపతి. శ్రీకాళహస్తికి బస్సెక్కితే ఎంతసేపు! అక్కడ కలంకారీ వేసేవాళ్లు కలాన్ని కొట్లో కొనరు. వెదురు పుల్ల మొన చెక్కి, మొనకి కాస్త పైగా ఉన్నో పాతగుడ్డో ఉండలా చుట్టి దారంతో బిగిస్తారు. రంగులో ముంచితే ఆ ఉండ పీల్చుకుంటుంది, వేళ్లతో నొక్కేకొద్దీ రంగు మొనలోకి దిగుతుంది. సన్న గీతకి సూది మొన, రంగు నింపడానికి మొద్దు మొన. ఇక ఆ నలుపు సంగతి వినండి. పాత ఇనుప ముక్కల్ని బెల్లం నీళ్లలో రోజుల తరబడి పులియబెడితే వచ్చే నీరది. ముందే కరక్కాయ, పాలు పట్టించిన గుడ్డ మీద పడితే తప్ప దానికి అసలు నలుపు రాదు. కరక్కాయలోని వగరూ ఇనుమూ కలిసినప్పుడే గీత నల్లబడుతుంది. ఏమీ పట్టించని గుడ్డ మీద ఎంత చేయి తిరిగినవాడు గీసినా శ్రమ దండగ. 1957లో కమలాదేవి చటోపాధ్యాయ చొరవతో అక్కడ శిక్షణ కేంద్రం పెట్టి ఈ విద్యని నిలబెట్టారు. అప్పుడూ ఇప్పుడూ కలం మాత్రం ఆ పుల్లే.

తాటాకుదీ ఇదే తీరు. ఆకు సిరాని నిలుపుకోదు కాబట్టి ఇనుప ఘంటంతో గీరారు. గీరిన గాట్లలోకి తర్వాత మసో పసరో రుద్దితే అక్షరాలు కనబడేవి. అంటే రాయడం ఒక పని, నలుపెక్కించడం ఇంకో పని.

కంప్యూటర్ల దగ్గరికి వస్తే, 1963లో అమెరికాలోని ఎంఐటీలో ఇవాన్ సదర్లాండ్ అనే విద్యార్థి తెర మీదే బొమ్మ గీసే స్కెచ్‌ప్యాడ్ చేశాడు. అక్కడి తెర వెలుగు చిమ్మే గాజు గొట్టం. అందుకని కలానికి వెలుగుని పసిగట్టే కన్ను పెట్టాల్సి వచ్చింది. మరుసటి ఏడాది రాండ్ సంస్థవాళ్లు పద్ధతి మార్చారు. పది అంగుళాల పలక, దాని లోపల అంగుళానికి వంద చొప్పున సన్నని రాగి గీతల వల. పలక సంకేతాలు పంపుతుంటుంది, కలం వాటిని అందుకుని తానెక్కడుందో చెబుతుంది. దాని వెల 18,000 డాలర్లు. ఆ ధరకి ఇంట్లో ఎవడూ కొనడు కనుక సొంత కలం ఊసే లేదు.

సామాన్యుడి చేతికి వచ్చినవి నొక్కుడు పలకలు. ఎనభైల్లో ఇంటి కంప్యూటర్లకి తగిలించిన కోలాప్యాడ్, చేతిలో పట్టే కంప్యూటర్లయిన 1993 నాటి ఆపిల్ న్యూటన్, 1997 నాటి పామ్‌పైలట్ అన్నీ ఆ జాతే. ఒత్తిడి తగిలితే చాలు, ఏది తాకిందన్నది వాటికి అనవసరం. వెంట వచ్చిన పుల్ల పోతే ఇంకిపోయిన రీఫిలో అగ్గిపుల్లో పట్టుకుని పని కానిచ్చేవారు. నా దృష్టిలో ఇంటి కలానికి స్వర్ణయుగమంటే అదే.

దాన్ని ముగించినది వేలు. జార్జ్ గెర్ఫైడ్ అనే అమెరికన్ ఇంజనీరు కనిపెట్టిన టచ్‌ప్యాడ్‌ని ఆపిల్ 1994లో పవర్‌బుక్ 500 లాప్‌టాప్‌లలో పెట్టింది. పలక కింద ఎలక్ట్రోడ్ల వల ఉంటుంది. మన ఒంట్లో ఉన్నది ఉప్పునీళ్లు, కరెంటుకి మంచి దారి. వేలు దగ్గరికొస్తే అక్కడి విద్యుత్తు కాస్త మారుతుంది, ఆ మార్పుని బట్టి వేలెక్కడుందో యంత్రం లెక్క కడుతుంది. చెక్క, ప్లాస్టిక్ ఎంత నొక్కినా దానికి సోకదు. నొక్కుడు పలకల పుల్లలన్నీ దాని ముందు మూగబోయాయి. 2007లో ఐఫోన్ చూపిస్తూ స్టీవ్ జాబ్స్ స్టైలస్‌ని వేదిక మీదే ఎగతాళి చేశాడు కూడా. ఆ ఆపిలే 2015లో పెన్సిల్ అమ్మకానికి పెట్టింది, అది వేరే ముచ్చట. 2010 చలికాలంలో దక్షిణ కొరియావాళ్లు చేతి తొడుగులు తీయలేక, ప్యాకెట్లలో వచ్చే మాంసం సాసేజ్‌తో ఐఫోన్ తెర తాకారని పత్రికలు రాశాయి. నవ్వొచ్చినా శాస్త్రం సరిగ్గా ఉంది. ఉప్పూ తడీ ఉన్నదేదైనా వేలే.

నా కలం సాసేజ్‌కి తమ్ముడు. హైదరాబాదు కోఠిలో గుజరాతీ గల్లీ ఎలక్ట్రానిక్ సామాన్ల కొట్లలో చిప్పుల కాళ్లు గుచ్చి ఉంచే నల్ల స్పాంజి చూసే ఉంటారు. అందులో కార్బన్ కలిసి ఉంటుంది, చిప్పు మీద విద్యుత్తు పేరుకోకుండా కాళ్లన్నిటినీ కలిపి ఉంచడం దాని పని. చిప్పులు అమ్ముడయ్యాక పారేసే ముక్క నాకు మొన. అది మరీ సన్నగా ఉంటే టచ్‌ప్యాడ్ లెక్కచేయదు. చిన్న తాకిడిని అది రణగొణ కింద కొట్టిపారేసేలా చేసి ఉంటారు. బజారులో అమ్మే రబ్బరు మొనలు సైతం ఆరేడు మిల్లీమీటర్ల మందం ఉండేది అందుకే. సన్న గీత కావాలంటే తెర మీద బొమ్మని పెద్దది చేసుకుని మొద్దు మొనతోనే గీయాలి.

అసలు ఇబ్బంది మరొకటుంది. టచ్‌ప్యాడ్‌కి కాగితంలా స్థిరమైన చోటు లేదు, అది మౌస్‌కి వారసురాలు. కలం ఎత్తి మళ్లీ అదే మూల పెట్టినా తెర మీది బాణం ఆగిన చోటి నుంచే కదులుతుంది. అందుకని మెలికల ముగ్గు వేసినట్టు చేయి ఎత్తకుండా లాగాలి, ఎడమ చేత్తో బటన్ నొక్కి ఉంచాలి. మణికట్టు ప్యాడ్‌కి తగిలితే బాణం పరుగెత్తుతుంది. జపాన్ వాకామ్ వారి పెన్ ట్యాబ్లెట్లలో ఈ బాధలేవీ లేవు. పలక పుట్టించే అయస్కాంత క్షేత్రం నుంచే కలం శక్తి తీసుకుంటుంది, ఎత్తి పెట్టినా చోటు తప్పదు. రోజంతా గీసి బతికేవాడు దాన్నే కొనాలని మేనల్లుడితో నేనూ ఒప్పుకుంటాను. వారానికి రెండు బొమ్మలు వేసేవాడికి మాత్రం ఉన్న టచ్‌ప్యాడే పలక.

మీరూ చేసుకోదలిస్తే రేకుని స్పాంజి నుంచి వేళ్లు పట్టుకునే చోటు దాకా తెగకుండా చుట్టండి, ఒళ్లు తగలకపోతే కలం పనిచేయదు. స్పాంజి దొరక్కపోతే చెవిలో పెట్టుకునే దూది పుల్లని నీళ్లలో ముంచి గట్టిగా పిండి కట్టండి, ఆరేదాకా పనికొస్తుంది. రేకు అంచు ప్యాడ్‌ని గీరకుండా చూసుకోండి. కొట్లో గులాబీ రంగు స్పాంజి ఇస్తే తీసుకోకండి, అందులో కార్బన్ ఉండదు.